కత్తెరమ్మ చెరువును కొలిచిన వైనం

కత్తెరమ్మకు ఆ పేరు కత్తెర వల్ల వచ్చింది కాదు, నోటి వల్ల వచ్చింది. కాపురానికొచ్చిన కొత్తలోనే ఎదురింటివాళ్ళు పెట్టారు. అవతలివాళ్ళ మాటని సగంలో ఆపేసి, మిగతా సగం తనే పూర్తిచేసి, ఆ సగం ఎందుకు తప్పో కూడా తనే విడమరిచి చెప్పేది. తర్వాతెప్పుడో బతుకుతెరువుకని సొంతంగా బట్టల సవరణల దుకాణం పెట్టుకుంది. అప్పటికి పేరుకి తగ్గ పనిముట్టు చేతికి దొరికింది.

దుకాణమంటే ఇంటి ముందుగదే. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని వెనక ఇస్త్రీ బల్ల, మూలన నిలువుటద్దం, బట్టలు తొడుక్కుని చూసుకోవడానికి ఒక తెర. కొత్త బట్టలు కుట్టదు. కొత్త గుడ్డని ఎవడైనా కుడతాడు, ఒంటికి పట్టనిదాన్ని పట్టించడంలోనే ఉంది పనితనమంతా అని ఆమె వాదన. పొట్ట పెరిగినవాళ్ళ ప్యాంట్లు వదులు చేస్తుంది. పొట్ట తగ్గిందని భ్రమపడేవాళ్ళవి బిగుతు చేసి, నెల తిరక్కుండానే మళ్ళీ వదులు చేస్తుంది. కోటు మోచేయి చూసి, ఈ మనిషి ఆఫీసులో పనిచేస్తాడో బల్లమీద ఆనుకుని నిద్రపోతాడో చెప్పేస్తుంది. మనసులో చెప్పుకుంటే బాగుండేది, పైకే చెబుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఈమె నోరు ఎలా ఉన్నా ఊరు మంచిగానే ఉండేది, ఎందుకంటే జిప్పు ఊడినప్పుడు వెళ్ళడానికి ఇంకో గుమ్మం లేదు.

ఇలాంటి మనిషికి ఏరి కోరి కట్టబెట్టినట్టు ఒక నోరులేని మొగుడు దొరికాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు, రిటైరయ్యాక కూడా వీధికంతటికీ డ్రైవరుగారే. ఉద్యోగమంతా స్టాపు లేనిచోట బస్సు ఆపి ఎరగడు. సొంత బావమరిది చెయ్యెత్తి పరిగెత్తుకొచ్చినా ఆపలేదు, ఆ బావమరిది ఇప్పటికీ ఎడమొహం పెడమొహమే. ఇంట్లో ఆయన మాట్లాడే మాటల్లో ముప్పాతిక మువ్వీసం 'అలాగే'. పెళ్ళాం ఎంత గొంతు చించుకున్నా దున్నపోతు మీద వాన కురిసినట్టే ఉండేవాడు. సెలవొస్తే మాత్రం గాలపు కర్ర భుజాన వేసుకుని చెరువుకి పోయేవాడు. సాయంత్రానికి జానెడు చేపలు రెండో మూడో తెచ్చి వంటింటి గట్టుమీద పెట్టేవాడు.

వీధి చివర ఏటవాలుగా దిగితే చెరువే. అందరూ చెరువంటారు గానీ అది ఆనకట్ట కట్టాక నిండిన నీళ్ళు. అందులో బాస్ అనే చేప ఉంది. వెడల్పాటి నోరు, పచ్చటి ఒళ్ళు, ఎదుటివాణ్ణి లెక్కచెయ్యని చూపు. పెద్దవి చంకలో పెట్టుకుని మొయ్యాల్సినంత ఉంటాయని గట్టుమీద చెప్పుకునేవాళ్ళు. డ్రైవరుగారి సంచిలోంచి మాత్రం జానెడు మించింది ఏనాడూ బయటికి రాలేదు. నలుగురు చుట్టాలు చేరితే చాలు, కత్తెరమ్మ ఈ కథ ఎత్తుకునేది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కూర్చుని, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, ఇదిగో ఇంతేసి పట్టుకొస్తారు ఈయన అని చేత్తో చూపించేది. కొలతల్లో దారప్పోగంత తేడా రానివ్వని మనిషి, చూపించేటప్పుడు మాత్రం జానెడుని బెత్తెడు చేసేది. అందరూ నవ్వేవాళ్ళు. డ్రైవరుగారూ నవ్వేవాడు.

అలాంటివాడు ఒకరోజు బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు, ఎముక చక్కగా అతికింది. నడక నేర్పడానికి ఒక అమ్మాయి ఇంటికొచ్చేది. మొదటిసారి వాకర్ పట్టుకుని బాగానే నిలబడ్డాడు. రెండోసారి కాలు మడతపడి మంచంమీదే కూలబడ్డాడు. దెబ్బ తగల్లేదు గానీ, ఆరోజుతో మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మాయి లేవమంటే అలాగే అనేవాడు, లేచేవాడు కాదు. ఇవాళ ఒంట్లో బాగాలేదు రేపు చూద్దామనేవాడు, ఆ రేపు ఎంతకీ వచ్చేది కాదు.

చివరికి ఆ అమ్మాయి ఒకరోజు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఎముక బాగుందమ్మా. ఆయనకి భయం పట్టుకుంది, అంతే. ఇలాగే పడుకుంటే కండ కరిగిపోతుంది. తర్వాత ఆయన లేస్తానన్నా కాళ్ళు లేవవు."

కత్తెరమ్మ బతిమాలింది, బెదిరించింది. ఆడపడుచు చేత ఫోన్ చేయించింది, ఆవిడ ఏడ్చింది కూడా. డ్రైవరుగారు అన్నిటికీ అలాగే అని గోడకేసి చూశాడు. కత్తెరమ్మకి మొదటిసారి భయం వేసింది. మంచాన పడితే చాకిరీ చెయ్యాలని కాదు, చాకిరీ ఆమెకి కొత్త కాదు. ఆయన కళ్ళలోంచి మనిషి కొద్దికొద్దిగా ఖాళీ అయిపోతున్నాడు, ఆమె కళ్ళముందే.

ఏడుస్తూ కూర్చునే రకం కాదు కాబట్టి ఉపాయం ఆలోచించింది. మగవాడికి మాటలతో రోషం రాకపోతే అతని ఆటలోనే అతన్ని ఓడించాలి. జన్మలో జానెడు దాటని మనిషి ముందు, గాలం పట్టడం రాని పెళ్ళాం ఒక పెద్ద చేప తెచ్చి ఆడిస్తే, లేవకేం చేస్తాడు? మర్నాడు పొద్దున్నే దుకాణం తలుపుకి గొళ్ళెం పెట్టి, ఆయన కర్ర తీసుకుంది. మీ చేపల సంగతేమిటో నేను తేల్చుకొస్తానని చెప్పింది. ఆయన అలాగే అన్నాడు.

గట్టుమీద బెంచీలున్నచోట, అందరూ కూర్చునేచోటే కూర్చుంది. మొదటి విసురుకి గాలం తన సంచికే తగులుకుంది. రెండో విసురుకి పక్కాయన టోపీ లేచొచ్చింది. ఆ వారంలో ఆమె పట్టినవాటిలో పెద్దది ఆ టోపీయే. రోజుకో చోటు మార్చింది, గంటకో ఎర మార్చింది, లోతుగా వేసింది, పైపైన వేసింది. పక్కవాళ్ళు ఇచ్చిన సలహాలన్నీ ఒకేరోజు పాటించి చూసింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చెరువులో చేపల్లేవని తేల్చేద్దామనుకుంది గానీ, పక్కాయన టోపీ ఆరబెట్టుకుంటూనే చేపలు పడుతున్నాడు.

కిటుకు దుకాణంలో దొరికింది. ఒకాయన కోటు తెచ్చాడు. ఇది ఎక్కడా సరిగా లేదు, చేతులు లాగుతున్నాయి, వీపు ముడతలు పడుతోంది, గుండీలు పక్కకి పోతున్నాయి, మొత్తం విప్పి కుట్టెయ్యమన్నాడు. కత్తెరమ్మ ఆయన్ని అద్దం ముందు నిలబెట్టి చీవాట్లు పెట్టింది. జబ్బు ఒక్క భుజం దగ్గరుంది, తక్కినవన్నీ అక్కణ్ణుంచే లాగుతున్నాయి, ఒక్క కుట్టు విప్పి, తొడిగి చూసి, అప్పుడు రెండో కుట్టు సంగతి చూడాలి, అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుందయ్యా అంది. అని, తనన్న మాట తనకే చురుక్కుమని తగిలి, పిన్నులు నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన తననేదో అనబోతోందనుకుని భయపడ్డాడు పాపం.

ఆ మర్నాటినుంచి చెరువుని కోటులా చూడటం మొదలుపెట్టింది. బట్ట నట్టనడుమ ఎప్పుడూ చిరగదు. ఎక్కడ ఒకటి ఇంకోదానితో కలుస్తుందో అక్కడే కథంతా జరుగుతుంది: జేబు మూలల్లో, చంకల కింద, అంచు మడతల్లో. చెరువుకీ కుట్లుంటాయి. నాచు అయిపోయి ఖాళీ నీళ్ళు మొదలయ్యేచోటు ఒక కుట్టు. గట్టుమీది పంపుహౌస్ నీడ అయిపోయి ఎండ మొదలయ్యేచోటు ఇంకొకటి. లోతు లేని నీళ్ళు హఠాత్తుగా లోతయ్యేచోటు అన్నిటికన్నా గట్టి కుట్టు. చిన్నచేపలు గుంపులు కట్టి నట్టనడుమ బలాదూరు తిరుగుతాయి. పెద్దచేప అలా కాదు. విందుకెళ్ళిన పెదబావగారిలా నీడపట్టున ఒక మూల చూసుకుని కూర్చుంటుంది. లేచి వడ్డించుకోదు. వంటకం తన ముందునుంచి పోతే మాత్రం వదలదు.

కాబట్టి కుట్లు వెంబడే పోయింది. చోటు మారిస్తే ఎర మార్చలేదు, ఎర మారిస్తే లోతు మార్చలేదు. ఎర వేసిన ప్రతిచోటా గట్టు రాళ్ళమీద దర్జీ సుద్దతో గీత పెట్టేది. ఊరికే కొరికి పోతే నీలం గీత, చేప పడితే ఎర్ర గీత, ఏమీ లేకపోతే తెల్లది. వాన పడి కొట్టుకుపోతే మళ్ళీ పెట్టేది. చిన్న ఎరకి చిన్నవే వస్తున్నాయని తేలాక, వానపాములు మానేసి బొటనవేలంత రబ్బరు కప్ప కొంది. దాన్ని గబగబా లాగితే ఏదీ పట్టించుకోదనీ, చేతికుట్టు వేసినంత నిదానంగా కదిలించాలనీ తెలుసుకుంది. నిదానం ఆమె ఒంట్లోనే లేదు. చేతికుట్టప్పుడు ఉంటుంది గనక, చేపని పట్టడం లేదు, అంచు కుడుతున్నాననుకునేది.

జానెడు దాటింది ఒకటి పడింది. తర్వాత దానికన్నా లావుది. ఇంటికి తెచ్చి, చెయ్యి కడుక్కోకుండానే మంచం దగ్గరికెళ్ళి, ఆయన మొహం ముందు వేలాడదీసింది.

"బాగుంది," అన్నాడు ఆయన. మళ్ళీ గోడవైపు తిరిగాడు.

రోషం లేదు, అసూయ లేదు, కనీసం ఎక్కడ పట్టావని కూడా లేదు. కత్తెరమ్మ ఆ చేపని వంటింట్లో పడేసి అడ్డంగా రెండు ముక్కలు నరికింది. వేయించి పెడితే ఆయన తిన్నాడు, ఉప్పు సరిపోయిందన్నాడు. ఆ కోపంలో ఆమె రాత్రంతా మనసులో ఆయనతో పోట్లాడింది, ఒక్కతే అయినా ఓడిపోయింది.

ఇక్కడ చిన్న ముచ్చట చెప్పాలి. గట్టుమీది మగరాయుళ్ళు మొదట్లో ఆమె సుద్దగీతలు చూసి నవ్వారు. తర్వాత ఎర్రగీతల దగ్గర, ఆమె రాకముందే, వరసగా కూర్చోవడం మొదలుపెట్టారు. కత్తెరమ్మ ఊరుకోలేదు. ఒక సాయంత్రం వెళ్ళి, చేపన్నది పుట్టని బురదరేవు పొడుగునా ఎర్రసుద్దతో ధారాళంగా గీతలు పెట్టొచ్చింది. మర్నాడు వాళ్ళంతా అక్కడ దోమలు కొట్టుకుంటూ కూర్చున్నారు. పడవలు అద్దెకిచ్చే ముసలాయన అది చూసి పగలబడి నవ్వి, ఆమెకి పడవ తనే తోస్తానన్నాడు.

పడవెక్కడానికి కారణం ఉంది. గట్టుమీంచి అందే కుట్లన్నీ చూసేసింది, ఇక అడుగు చూడాలి. దారానికి సీసపు గుండు కట్టి, మూరకో ముడి వేసి, పడవలోంచి వదులుతూ అడుగుని తడిమింది. బురద, బురద, మెత్తగా బురద. ఉన్నట్టుండి గుండు ఠంగుమని గట్టిదానిమీద పడింది. ఇంకాస్త దూరంలో మళ్ళీ ఠంగు. అది గట్టునుంచి చెరువు మధ్యకి, అంచుమడతలా తిన్నగా పోతోంది. ఇంత తిన్నటి గీత రాళ్ళకీ మట్టికీ ఎలా వచ్చిందని ముసలాయన్ని అడిగింది.

మీ ఆయన్నే అడగండి, ఈ నీళ్ళకింద ఏముందో ఆయనకి తెలిసినట్టు నాకూ తెలీదన్నాడు పడవాయన. ఆయనకేం తెలుస్తుంది, ఇన్నేళ్ళలో జానెడు దాటింది పట్టలేదని కత్తెరమ్మ మామూలు కథ ఎత్తుకుంది. చేత్తో బెత్తెడు చూపించింది కూడా. ముసలాయన తెడ్డు పడవలో పెట్టేసి ఆమె మొహంలోకి చూశాడు.

"అమ్మా, ఆయన పట్టినంత పెద్దవి ఈ చెరువులో ఇంకెవరూ పట్టలేదు. నా కళ్ళతో చూశాను. మీరు తెచ్చిన కర్రకి నల్లటేపు చుట్టి ఉంది చూడండి. పట్టిన ప్రతిదాన్నీ కర్ర పక్కన పెట్టి కొలుస్తాడు. టేపు దాటిందా, వదిలేస్తాడు. ఎందుకయ్యా అంటే మా ఇంట్లో రూలు అంటాడు."

ఆ టేపు కర్ర విరిగితే చుట్టాడనుకుంటోంది ఆమె. ఇంట్లో రూలేమిటా అనుకుంటూ ఇంటికెళ్ళేసరికి, కాపురానికొచ్చినప్పటి పెనం కంటపడింది. ఆయనకి వినపడకుండా కర్రని దానిమీద అడ్డంగా పెట్టింది. పెనం ఆ అంచునుంచి ఈ అంచుదాకా, కర్ర మొదలునుంచి టేపు దాకా, సరిగ్గా ఒకటే. కంటితో చూసి చెప్పగలిగినా, నమ్మలేక దుకాణంలోంచి కొలత టేపు తెచ్చి కొలిచింది. అప్పుడు గుర్తొచ్చింది. కొత్తకాపురం, ఒకే పెనం, ఒకే పొయ్యి, పొద్దంతా వేరేవాళ్ళ దుకాణంలో మిషను తొక్కొచ్చిన ఒళ్ళు. ఆయన ఆనందంగా మోసుకొచ్చిన ఇంతలావు చేప వంటింటి గట్టుమీద తోక ఆడిస్తుంటే ఒళ్ళుమండి ఒక మాటంది. ఈ పెనంలో పట్టనిది ఇంకోసారి ఈ గుమ్మం దాటి లోపలికి రావడానికి వీల్లేదంది. అన్నం తినేలోపే ఆ మాట మర్చిపోయింది. ఆయన మర్చిపోలేదు.

మంచం దగ్గరికెళ్ళి నిలబడింది. మామూలుగా అయితే ఆయనకి సందు దొరకనిచ్చేది కాదు, ఇప్పుడు మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"కోస్తే సరిపోయేదిగా," అంది చివరికి. "అడ్డంగా కోస్తే రెండు ముక్కలయ్యేది. పట్టేది."

"పెనంలో పట్టనిది తేవద్దన్నావు," అన్నాడు డ్రైవరుగారు గోడతో. "కోసి తెమ్మనలేదు."

"మరి నేను నలుగురిలో నవ్వులాట చేస్తుంటే చెప్పొచ్చుగా."

"నీకు సరదాగా ఉండేది."

అంతే అన్నాడు. అందులో ఎత్తిపొడుపు కూడా లేదు, ఉంటే ఆమెకి కాస్త సుఖంగా ఉండేది. ఆమెకి సిగ్గేసింది, సిగ్గుతో పాటు ఆయన్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. ఏ మనిషైనా ఒక విసుగుమాటని ఇన్నేళ్ళు ట్రాఫిక్ సిగ్నల్‌లా పాటిస్తాడా? ఇంకేం చెయ్యాలో తోచక, నీళ్ళకింద గుండుకి తగిలిన తిన్నటి గీత సంగతి చెప్పింది.

డ్రైవరుగారు గోడమీంచి చూపు తిప్పాడు. "ఎక్కడ తగిలింది?"

మంచం పట్టాక ఆయన నోట వచ్చిన మొదటి ప్రశ్న అది. కత్తెరమ్మ పడక్కి ఆనుకుని నేలమీద కూర్చుని, దుప్పటిమీద వేలితో గట్టు గీసి చూపించింది. ఆయన ఆ వేలు పట్టుకుని పక్కకి జరిపాడు. అది పాత రోడ్డని చెప్పాడు. ఆనకట్ట కట్టకముందు, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆ రోడ్డుమీదే బస్సు నడిపాడు. ఇక్కడ మలుపు, ఇక్కడ స్టాపు, ఇక్కడ రోడ్డుకింద ఒక కల్వర్టు. నీళ్ళొచ్చాక జనం రోడ్డుని మర్చిపోయారు, చేపలు మర్చిపోలేదు. పెద్దది ఆ కల్వర్టు నోట్లో ఉంటుంది, చాలాసార్లు పట్టి వదిలాడు.

"లాగకు," అన్నాడు. "ఎర పడేసి ఊరుకో."

"ఎంతసేపు?"

"నీకు కోపమొచ్చేదాకా. వచ్చాక ఇంకాసేపు."

నవ్వొచ్చింది ఆమెకి. అయితే మీరే వచ్చి చూపించండి అంది. ఆ మాటతో ఆయన మొహంలో దీపం ఆరిపోయింది. రేపు చూద్దామని, దుప్పటి లాక్కుని గోడవైపు తిరిగాడు.

ఆ తర్వాత ఒక మబ్బుపట్టిన పొద్దున కత్తెరమ్మ పడవలో కల్వర్టు పైన కూర్చుంది. రబ్బరు కప్ప వేసి ఊరుకుంది. కోపమొచ్చింది. పడవాయన మీదికి పోయింది, మబ్బు మీదికి పోయింది, మొగుడి మీదికి పోయి అక్కడ ఆగింది. ఇంకాసేపు ఊరుకుంది. దారం కదల్లేదు, ఊరికే బరువెక్కింది, తడిసిన రగ్గు తగులుకున్నట్టు. తర్వాత ఆ రగ్గు ఒకవైపుకి పోవడం మొదలుపెట్టింది. కర్ర వంగింది, పడవ తిరిగింది, ముసలాయన దేవుళ్ళందరినీ పిలిచాడు. చాలాసేపటికి అది పక్కకి తిరిగి పైకొచ్చింది. పడవలోకి లాగాక ఇద్దరూ నోరు తెరుచుకుని చూశారు. అది పెనంలో పట్టదు, రెండు ముక్కలు చేసినా పట్టదు, చంకలో పెట్టుకున్నా తోక నేలకి రాస్తుంది.

పడవాయన వదిలేద్దామమ్మా అన్నాడు. కత్తెరమ్మ వద్దంది. గట్టుకి చేరాక చేపని నీళ్ళలోనే పట్టుకుని, బట్టల మూటలు మోసే చక్రాలబండి తెమ్మంది, ఇంట్లో బట్టలు నానబెట్టే పెద్ద తొట్టి తెమ్మంది. తొట్టినిండా చెరువు నీళ్ళు పోసి, చేపని అందులో వేసి, ఇద్దరూ ఏటవాలు ఎక్కి ఇంట్లోకి తోశారు. తర్వాత ముసలాయన్ని పంపించేసి, తొట్టిని తిన్నగా మంచం పక్కకి చేర్చింది.

"మీదే," అంది. "పెనంలో పట్టదు. రూలు ప్రకారం నీళ్ళలోకి పోవాలి. ఆ రూలు పాటించేది మీరు, నేను కాదు."

వెళ్ళి మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. సూదిలో దారం లేదు, కింద గుడ్డా లేదు. ఆయన లేవకపోతే చేప చస్తుంది, ఇక ఆయన ఎన్నటికీ లేవడు. ఇంకో ఉపాయం ఆమె దగ్గర లేదు. వెళ్ళి తొట్టి వెనక్కి తోసుకుపోదామని రెండుసార్లు లేవబోయి, మిషను చక్రం గట్టిగా పట్టుకుంది.

లోపల తోక దెబ్బకి నీళ్ళు నేలమీద పడ్డాయి. నీళ్ళు మార్చమన్నాడు ఆయన. నీళ్ళు చెరువులో ఉన్నాయంది ఈమె. పడవాయన్ని పిలవమన్నాడు, ఇంటికెళ్ళిపోయాడంది.

"ఒసే, అది పక్కకి ఒరిగిపోతోందే!"

మిషను ఆగింది. ఆయన గొంతు అంత పెద్దదని ఆమెకి తెలీదు. వాకర్ కాళ్ళు నేలమీద గీసుకున్న చప్పుడు, మంచం కిర్రుమన్న చప్పుడు, తర్వాత ఆమె ఏనాడూ వినని బస్సుస్టాండు బూతు ఒకటి వినిపించాయి. తలుపు దగ్గరికి పరిగెత్తేసరికి డ్రైవరుగారు నిలబడి ఉన్నాడు. కాళ్ళు వణుకుతున్నాయి, కళ్ళు మాత్రం తొట్టిలోనే ఉన్నాయి.

"చూస్తావేం, తొయ్యి," అన్నాడు.

ఆమె బండి తోసింది, ఆయన వాకర్ పట్టుకుని వెనకే నడిచాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చింది. ఎవరో పట్టుకోబోతే విదిలించుకున్నాడు. ఏటవాలు దగ్గర ఒకసారి ఆగి, కిందికి చూసి వాకర్‌ని గట్టిగా పట్టుకున్నాడు. చేప మళ్ళీ ఒరిగింది. ఆయన దిగాడు.

నీటి అంచున మెట్టుమీద మెల్లగా, నొప్పికి పళ్ళు నూరుతూ కూర్చున్నాడు. చేపని రెండు చేతుల్లోకి తీసుకుని నీళ్ళలో ఒరగకుండా పట్టుకున్నాడు. దాని మొప్పలు మూసుకుని తెరుచుకునేదాకా, ముందుకీ వెనక్కీ మెల్లగా ఆడించాడు. అది ఒక్కసారి తోక విసిరి ఆయన మొహమంతా తడిపేసి, పాత రోడ్డువైపు పోయింది.

అప్పుడు మొదలుపెట్టాడు. బుద్ధుందా నీకు అన్నాడు. అంతసేపు తొట్టిలో పెడతారా, చచ్చిపోయి ఉంటే ఏం చేసేదానివి అన్నాడు. మెట్టుమీంచి వాకర్ ఆసరాతో లేస్తూ, రబ్బరు కప్ప కొన్నందుకు తిట్టాడు. ఏటవాలు ఎక్కుతూ, ఆగి రొప్పుతూ, నాలుగడుగులు వేసి మళ్ళీ అందుకున్నాడు. గట్టంతా సుద్దగీతలు గీసి తన పరువు తీసినందుకు తిట్టాడు. చుట్టాల ముందు బెత్తెడు బెత్తెడని చెయ్యి చూపించిన ప్రతిసారికీ, పేరుపేరునా, ఏ పెళ్ళిలో ఎవరి ముందో గుర్తుచేసి మరీ తిట్టాడు. ఒక్కటీ మర్చిపోలేదు మహానుభావుడు.

కత్తెరమ్మ దగ్గర ప్రతిదానికీ జవాబుంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మధ్యలో తను నోరు తెరిస్తే ఆయన నడక ఆగిపోతుందేమోనని ఒక్కటీ పైకి అనలేదు. ఖాళీ తొట్టి తోసుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ, అవునండీ, తప్పేనండీ, ఇంకా ఏం చేశానో చెప్పండి అంటూ ఇంటిదాకా ఆయన వెనకే నడిచింది.